బండి మనదే, డీజిల్ బంకోడిది

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది నల్గొండ జిల్లా కనగల్ మండలం. మూడేళ్ల కింద కొత్త బొలెరో పికప్ తీసుకున్నాను. మా ఇంటామె బంగారం కుదువబెట్టి డౌన్ పేమెంట్ కట్టినం. 8 లక్షలు ఫైనాన్స్, నెలకు 17,800 కిస్తీ, ఇంకా 22 కిస్తీలు ఉన్నాయి. ఎక్కువగా బత్తాయి లోడు హైదరాబాద్ దగ్గరి బాటసింగారం పండ్ల మార్కెట్‌కు కొడతాను. రానూ పోనూ 190 కిలోమీటర్లు, కిరాయి 3,800. బండి కొన్నప్పటి నుంచి అదే రేటు. సీజన్‌లో నెలకు 18 ట్రిప్పులు పడతాయి, మిగతా నెలల్లో ఏది దొరికితే అది. డీజిల్ రేటు పెరిగిన కాడి నుంచి ఏమీ మిగలడం లేదు. మైలేజీ పదికి మించి రావడం లేదు. ఊళ్లో 46 వేలు ఉద్దెర ఉంది. మా బామ్మర్ది దీన్ని అమ్మేసి కరెంటు ట్రాలీ ఆటో తీసుకోమంటున్నాడు. ఒక బ్రోకర్ 5 లక్షల 20 వేలు ఇస్తానన్నాడు. అమ్మాల్నా, ఉంచుకోవాల్నా? రాత్రిళ్లు నిద్ర పడతలేదు.
– ఒక పాఠకుడు

సమాధానం:

తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి డీజిల్ మాట ఒక్కటే కనబడింది. రెండోసారి చదువుతుంటే నువ్వు దాని చుట్టూ రాసినవి ఒక్కొక్కటే బయటపడ్డాయి. పదికి మించని మైలేజీ, మూడేళ్లుగా కదలని కిరాయి, ఊళ్లో ఇరుక్కున్న 46 వేలు. నీ నిద్ర పాడుచేస్తున్నవి ఇవేనని నా అనుమానం. డీజిల్ పాపం పైకి కనబడే దొంగ.

జడ్చర్ల అడ్డా మీద నేను 14 ఏళ్లు బండి నడిపాను. మొదట ఒక సేటు దగ్గర డీసీఎం వ్యాన్ మీద జీతానికి, తర్వాత సొంత పికప్. ఇప్పుడు ఆ బండి మా పెద్దోడు చూసుకుంటున్నాడు. కాబట్టి ఇది పుస్తకాలు చదివి చెప్తున్నది కాదు, డ్యాష్‌బోర్డు మీద నోటుబుక్కు పెట్టుకుని నేర్చుకున్నది.

డీజిల్ ఎంత పెరిగిందో నువ్వు రాయలేదు. రాయకపోయినా లెక్క ఆగదు. నీ ట్రిప్పు 190 కిలోమీటర్లు, మైలేజీ పది, అంటే 19 లీటర్లు తాగుతుంది. లీటరుకు రూపాయి పెరిగితే ట్రిప్పుకు 19 రూపాయలు. నెలకు 18 ట్రిప్పులకు 342 రూపాయలు. అయిదు రూపాయలు పెరిగిందే అనుకో, నెలకు 1,710. చిన్న మొత్తమని నేననను, ఇంట్లో నెలకు సరిపడా గ్యాస్, పాలు వచ్చే పైసలు అవి. కానీ బండి అమ్ముకునేంత మొత్తం మాత్రం కాదు.

ఇప్పుడు నీ మైలేజీ సంగతి. టన్నున్నర లోడుతో పోయి ఖాళీగా తిరిగొచ్చే బండి, ఇంజన్ బాగుంటే, హైవే మీద సగటున పన్నెండు దాకా రావాలి. పదికీ పన్నెండుకూ తేడా నీ ట్రిప్పులో మూడు లీటర్లు. లీటరు వంద అనుకుంటే ట్రిప్పుకు 300, నెలకు 5,400. దీన్ని తిప్పి చూడు. మైలేజీలో ఆ రెండు కిలోమీటర్లు పోగొట్టుకోవడమంటే డీజిల్ లీటరుకు దాదాపు 16 రూపాయలు పెరిగినట్టు. అంత ఒక్కసారి పెంచితే రోడ్ల మీద ధర్నాలు జరుగుతాయి. నీ బండిలో మాత్రం చప్పుడు లేకుండా జరిగిపోయింది.

నాకూ జరిగింది కాబట్టే చెప్తున్నాను. ఒక ఏడాది సీతాఫలాల సీజన్‌లో బాలానగర్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి హైదరాబాద్‌కు కాయ కొడుతున్నాను. బండి తొమ్మిదికి పడిపోయింది. రేటు మీద కోపం, బంకు మీద అనుమానం. డీజిల్‌లో కల్తీ ఉందని రెండు బంకులు మార్చాను కూడా. ఒకరోజు పొద్దున రాయికల్ టోలు దాటి చాయ్ బండి దగ్గర ఆపి, టైర్లలో గాలి చూద్దామని వంగితే వెనక ఎడమ చక్రం నుంచి కాలిన వాసన వచ్చింది. బ్రేకు డ్రమ్ము దగ్గరికి చెయ్యి పోనిస్తే సెగ కొట్టింది. కుడి చక్రం మామూలుగానే ఉంది. గ్లాసులో మిగిలిన నాలుగు చుక్కల చాయ్ ఎడమ డ్రమ్ము మీద చల్లితే చుయ్యిమని ఆవిరై పోయింది. పక్కన నిలబడ్డ క్లీనర్ పోరడు నవ్వాడు.

మెకానిక్ విప్పి చూస్తే హ్యాండ్‌బ్రేక్ కేబుల్ తుప్పు పట్టి, లివర్ కిందికి దించినా వెనక్కి పోవడం లేదు. అంటే మూడు నెలలు బ్రేకు పట్టుకునే బండి నడిపాను. అన్ని రోజులూ ఢిల్లీ వాళ్లను, హైదరాబాద్ వాళ్లను కలిపి తిట్టుకున్నాను. కేబుల్ మార్చి, లైనర్లు తుడిచి, గ్రీజు పెట్టినందుకు అయిన ఖర్చు ఒక ట్రిప్పు డీజిల్ పైసల్లో సగం కూడా లేదు.

నీ బండికీ అదే రోగమని నేననను. ఎయిర్ ఫిల్టర్ కావచ్చు, ముఖ్యంగా మట్టి రోడ్ల మీద తోటల్లోకి పోయే బండికి. వానాకాలం బురద, ఎండాకాలం దుమ్ము, ఫిల్టర్ విప్పి దులిపితే గిన్నెడు మన్ను రాలుతుంది. టైర్లలో గాలి తక్కువ ఉండొచ్చు. లోడు ఎక్కించుకునే తోటలో ఇంజన్ బంద్ చెయ్యకుండా ముప్పావుగంట కూర్చునే అలవాటు ఉండొచ్చు. మనవాళ్లలో చాలామందికి ఉంది, సెల్ఫ్ మళ్లీ పడదేమోనని భయం. సెల్ఫ్ పడకపోతే బ్యాటరీ చూపించుకోవాలి గానీ, ఇంజన్ తిప్పుతూ కూర్చుంటే ఎట్లా? ఇక స్పీడు. తెల్లారేసరికి మార్కెట్‌లో ఉండాలని ఎనభై మీద తోలితే లోడు మీద కప్పిన పట్టా గాలికి గొడుగులా లేస్తుంది, ఆ గాలినంతా బండి మోసుకుపోవాలి. అరగంట ముందు బయలుదేరి అరవై మీద పోయి చూడు.

మైలేజీ కొలిచే పద్ధతి ఒకటే. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, పంపు దానంతట అది ఆగిపోయేదాకా పోయించు, కిలోమీటర్లు రాసుకో. మూడు ట్రిప్పుల తర్వాత మళ్లీ అక్కడే అట్లాగే పోయించు. అయిదొందలకు, వెయ్యికి పోయించుకుంటూ ముల్లు చూసి చెప్పే మైలేజీ అంతా ఊహే. రేటు రోజూ పొద్దున ఆరింటికి మారే పద్ధతి 2017 జూన్ 16న వచ్చింది. అయినా నెలల తరబడి కదలని కాలాలూ ఉన్నాయి కాబట్టి రేపు పెరుగుతుందని ఇవాళ ట్యాంకు నింపుకోవడంలో పెద్ద లాభం ఏమీ లేదు. మక్తల్, నారాయణపేట వైపు బండ్లవాళ్లు కృష్ణ దాటి రాయచూరు వైపు పోసుకుంటారు, కర్ణాటకలో రేటు తక్కువ. నీకు ఆ భాగ్యం లేదు. వాడపల్లి వంతెన దాటితే వచ్చేది ఆంధ్ర, అక్కడ మనకంటే ఎక్కువే.

రేటు గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. 2021 నవంబర్ నుంచి నాలుగున్నర నెలలు రేటు కదల్లేదు. 2022 మార్చి 22న కదిలింది. ఆ తర్వాత దాదాపు రోజూ 80, 90 పైసల చొప్పున ఎక్కుతూ ఏప్రిల్ 6 నాటికి హైదరాబాద్‌లో డీజిల్ 105 రూపాయల 49 పైసలకు చేరింది. పొద్దున లేస్తే అడ్డా మీద అదే ముచ్చట. మా అడ్డాలో ఇద్దరు ఆ ఏప్రిల్‌లోనే, ఎవడెంతిస్తే అంతకు బండ్లు అమ్మేశారు. మే నెలలో కేంద్రం ఎక్సైజ్ తగ్గించేసరికి రేటు 97.82కి దిగింది. 2024 మార్చిలో ఇంకో రెండు రూపాయలు తగ్గి 95.65 అయింది. పెరిగేటప్పుడు రోజుకోసారి, తగ్గేటప్పుడు రెండేళ్లకోసారి. ఇందులో మన రాష్ట్రం వేసే వ్యాట్ 27 శాతం ఒకటి. నీ చేతిలో, నా చేతిలో లేని సంగతి ఇది. కానీ ఆ ఇద్దరూ అమ్మింది డీజిల్‌ను చూసి భయపడి, లెక్క చూసుకుని కాదు. ఒకతను మళ్లీ బండి కొన్నాడు, కొత్త ఫైనాన్స్ మీద.

అందుకని లెక్క చూద్దాం. కిరాయి 3,800. డీజిల్ 1,900. టోలు, మార్కెట్ గేటు, చాయ్, తిండి కలిపి 400 అనుకుందాం. చేతికి 1,500. పద్దెనిమిది ట్రిప్పులకు 27 వేలు. ఇన్సూరెన్స్‌కు నెలకు రెండున్నర వేలు పక్కన పెట్టాలి, టైర్లకు, సర్వీసింగ్‌కు, ఫిట్‌నెస్‌కు ఇంకో మూడున్నర వేలు. 21 వేలు. అందులోంచి కిస్తీ 17,800 పోతే 3,200. నెలంతా రాత్రిళ్లు స్టీరింగ్ పట్టుకుని 3,200! అదీ సీజన్‌లో. ఏమీ మిగలడం లేదని నువ్వు రాసింది అబద్ధం కాదు, అక్షరాలా నిజం.

ఇక అమ్మకం లెక్క. 22 కిస్తీలు మిగిలాయంటే ఫైనాన్స్ వాళ్లకు నువ్వు కట్టాల్సిన అసలు ఇప్పుడు మూడున్నర లక్షల దగ్గర ఉంటుంది. ఆఫీసుకు పోయి, అప్పు ముందే తీర్చేస్తే ఎంత కట్టాలో చెప్పే ఫోర్‌క్లోజర్ లెటర్ అడుగు, ఛార్జీతో సహా రాసిస్తారు. బ్రోకర్ ఇచ్చే 5.20లో అది పోతే నీ చేతికి లక్షా డెబ్భై వేల లోపు. ఇల్లాలి బంగారం విడిపించుకుంటే దాంట్లో ఎంత మిగులుతుందో నీకే తెలుసు. నువ్వు గమనించని సంగతి ఇంకోటుంది. ఫైనాన్స్‌లో వడ్డీ మొదటి ఏళ్లలోనే ఎక్కువ గుంజుతారు. నువ్వు కట్టాల్సిన వడ్డీలో పెద్ద భాగం అయిపోయింది, మిగిలిన 22 కిస్తీల్లో వడ్డీ మొత్తం 40 వేల చిల్లర మాత్రమే. అంటే ఇక మీదట కట్టే ప్రతి కిస్తీలో ఎక్కువ పాలు బండిని నీది చేసేదే.

22 నెలల తర్వాత బండి నాలుగు లక్షలకే పోయిందనుకో. అప్పుడు అప్పు ఉండదు, నాలుగు లక్షలూ నీవే. ఈలోగా నువ్వు కట్టేది 3 లక్షల 92 వేలు. అదీ ఇదీ కొట్టేస్తే, ఇప్పుడు అమ్మకుండా ఉంచుకున్నందుకు నీకయ్యే అసలు ఖర్చు ఇవాళ వదులుకునే లక్షా డెబ్భై వేలే. నెలకు పంచితే 7,700. జేబులోంచి 17,800 పోతున్నట్టు కనబడుతుంది, కానీ అందులో పది వేల చిల్లర నువ్వు బండిలో దాచుకుంటున్న సొమ్ము. చిట్టీ కట్టినట్టు అనుకో. కాకపోతే ఈ చిట్టీ కట్టడానికి నెలనెలా చేతిలో పైసలు ఆడాలి, అక్కడే నీకు ఊపిరి ఆడడం లేదు.

ఊపిరి ఆడాలంటే మొదట కిరాయి మాట ఎత్తాలి. ఎత్తలేకపోవడానికి కారణం నాకు తెలుసు. లోడు పెట్టేవాళ్లంతా మామలు, బావలు, చిన్నాయనలు. "మన బండే కదరా" అంటారు. ఆ ఒక్క మాటకు మూడేళ్లుగా నువ్వు నోరు మెదపలేదు. నేనైతే నవ్వుతూనే చెప్పేవాణ్ని: "మామా, బండి మనదే, డీజిల్ బంకోడిది." చెప్పి ఊరుకోకు, లెక్క కూడా చూపించు. కిరాయి 3,800 నుంచి 4,200 చేస్తే రైతు మీద పడేది 400. టన్నున్నర కాయకు పంచితే కిలోకు 27 పైసలు కూడా పడదు. మార్కెట్‌లో కాయ రేటు ఒక్క పూటలో అంతకు ఎన్నో రెట్లు ఆడుతుంది. నిజం చెప్పాలంటే తూకంలో, తరుగులో రైతు పోగొట్టుకునేది నీ కిరాయి కంటే ఎక్కువ. అది ఇంకో ఉత్తరం అవుతుంది, వదిలేద్దాం.

ఇంకో షరతు ఇప్పుడే పెట్టుకో, తర్వాత పెట్టలేవు. ఇవాళ డీజిల్ ఇంత, కిరాయి ఇంత. డీజిల్ లీటరుకు అయిదు పెరిగితే కిరాయి వంద పెరుగుతుంది, అయిదు తగ్గితే వంద తగ్గుతుంది. రెండో సగం చెప్పడం మర్చిపోవద్దు. తగ్గినప్పుడు నువ్వే ముందు తగ్గించి చూపిస్తే, పెరిగినప్పుడు ఎవరూ నిన్ను నిలదీయరు. మా అడ్డాలో పెంచినవాళ్లు చాలామంది, తగ్గించినవాడు ఒక్కడే ఉండేవాడు. లోడు లేక అతని బండి ఒక్కరోజు కూడా నిలబడలేదు.

ఉద్దెర సంగతి. 46 వేలంటే రెండున్నర కిస్తీలు. నువ్వు ఫైనాన్స్ వాడికి వడ్డీ కడుతూ ఊరోళ్లకు వడ్డీ లేని అప్పిస్తున్నావు. ఇకనుంచి బత్తాయి లోడు కిరాయి రైతు చేతి నుంచి తీసుకోకు. మార్కెట్‌లో కమీషన్ ఏజెంటే కిరాయి నీకిచ్చి తక్‌పట్టీలో, అంటే అమ్మకం లెక్క చీటీలో, రాసి రైతు డబ్బుల్లోంచి కోసుకునే పద్ధతి ఉంది. లోడు ఎక్కించేటప్పుడే రైతుతో ఫోన్‌లో ఏజెంట్‌కు చెప్పించు. రైతుకూ అదే సులువు, ఇంటికొచ్చాక ఇచ్చే పైసలు అందరికీ బరువుగా ఉంటాయి. పాత బాకీలు మాత్రం కోతలప్పుడే అడగాలి. వడ్ల పైసలు ఖాతాలో పడ్డ వారంలో పోయి కూర్చో, ఎరువులు కొనే నెలలో పోతే నీళ్లిచ్చి పంపుతారు. వచ్చిన దాంట్లోంచి మొదట బంగారం మీద వడ్డీ కట్టు.

రిటర్న్ లోడు. నీ 190 కిలోమీటర్లలో సగం ఖాళీ ప్రయాణం. పండ్ల మార్కెట్ కొత్తపేటలో ఉన్నప్పుడు మన బండ్లకు సిటీలోనే రిటర్న్ దొరికేది, బాటసింగారం వచ్చాక అది కొంచెం దూరమైంది. కానీ హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్ వైపు ఐరన్, శానిటరీ, ప్లైవుడ్ దుకాణాలు వరసగా ఉన్నాయి. మీ మండలంలో ఇండ్లు కట్టుకునేవాళ్లు, హార్డ్‌వేర్ దుకాణం వాళ్లు, టెంట్‌హౌస్ వాళ్లు వారానికొకసారైనా అటు నుంచి సామాను తెప్పించుకుంటారు. బుధవారం, శనివారం నా బండి ఖాళీగా వస్తుందని వాళ్లకు ముందే చెప్పి పెట్టుకో. పూర్తి కిరాయి అడగకు, 1,200 అడుగు. నీకు అదనంగా అయ్యేది లీటరో, లీటరున్నరో డీజిల్. నెలకు ఆరు దొరికినా 7,200. జూన్‌లో పిల్లల బడుల కోసం ఇండ్లు మారేవాళ్లు, శ్రావణం, మాఘం పెండ్లిళ్ల ఫర్నిచర్, ఇవన్నీ అటు నుంచి ఇటు వచ్చే లోళ్లే. ఒకటే జాగ్రత్త: 300 రూపాయల పార్శిల్ కోసం మధ్యాహ్నం దాకా మార్కెట్‌లో పడుకోవద్దు. రాత్రంతా నడిపినవాడికి ఆ నిద్ర ఇంట్లోనే కావాలి. సిటీ లోపలికి పోయే లోడు ఒప్పుకుంటే పగటిపూట గూడ్స్ బండ్లకు ఆంక్షలుంటాయి, టైం చూసుకో.

ఖాళీ వస్తున్నాం కదా అని మనుషులను మాత్రం ఎక్కించుకోకు. పత్తి ఏరే కూలీలను, పెండ్లి జనాన్ని తోలితే రోజుకు వెయ్యి వస్తుందని ఎవరో ఒకరు చెప్తారు. గూడ్స్ బండి ఇన్సూరెన్స్ ట్రాలీలో కూర్చున్న మనిషికి వర్తించదు. ఏదన్నా జరిగితే బండి, భూమి రెండూ పోతాయి, జైలు సంగతి వేరే. ఈ ఒక్క విషయంలో నా దగ్గర సర్దుబాటు లేదు.

టోలు దగ్గర చిన్న సంగతి. వెళ్లిన 24 గంటల్లో తిరిగొస్తే రెండు టోళ్లు కాదు, ఒకటిన్నర పడాలి. ఫాస్టాగ్ మెసేజ్‌లు నెలకోసారి కూర్చుని చూసుకో, తప్పు పడితే కంప్లైంట్ పెట్టు. జిల్లాలో రిజిస్టర్ అయిన, నేషనల్ పర్మిట్ లేని గూడ్స్ బండ్లకు ఆ జిల్లాలోని ప్లాజాలో సగమే తీసుకోవాలని బోర్డు మీద ఒక గడి ఉంటుంది, ఎవరూ చదవరు. నీ బండి నల్గొండ బండి. నువ్వు మార్కెట్‌కు పోయే దారిలోని పంతంగి ప్లాజా ఏమో 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు యాదాద్రి భువనగిరి వైపు పోయింది. సూర్యాపేట వైపు పోయినప్పుడు కొర్లపహాడ్ ప్లాజా మాత్రం నల్గొండ జిల్లాలోనిదే, అక్కడ ఆర్‌సీ చూపించి అడుగు.

మీ బామ్మర్ది చెప్పిన కరెంటు ఆటో. పిల్లగాడు తప్పు చెప్పలేదు, తప్పు మనిషికి చెప్పాడు. నల్గొండ టౌన్‌లో నీళ్ల క్యాన్లు, కిరాణా సామాను, గ్యాస్ సిలిండర్లు తిప్పేవాడికి అది బంగారం. రాష్ట్రంలో 2024 నవంబర్ నుంచి 2026 డిసెంబర్ చివరి దాకా కరెంటు బండ్లకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేకుండా కూడా చేశారు. కానీ నీ పని ఏమిటి? టన్నున్నర బత్తాయి, 95 కిలోమీటర్లు హైవే మీద, తెల్లవారుజామున. ఆటో అంత బరువు మోయదు, రిటర్న్‌కు ఛార్జింగ్ మిగలదు. ఆ బండి తీసుకోవాలంటే నీ పనే మార్చుకోవాలి: రైతుల్ని వదిలి టౌన్ దుకాణాలను పట్టుకోవాలి. మూడేళ్లుగా నీ ఫోన్‌లో కూడబెట్టుకున్న తోటల నంబర్లన్నీ పనికిరాకుండా పోతాయి. సీఎన్‌జీ అంటే కొంత ఆలోచించొచ్చు, అయితే కనగల్ నుంచి గ్యాస్ బంకు దాకా పోయి లైన్‌లో నిలబడే టైం కూడా లెక్కలోకి రావాలి. గ్యాస్ రేటూ పెరిగేదే.

ఇక నీ అసలు ప్రశ్నకు వస్తాను. ఇప్పుడు అమ్మకు. మైలేజీ పన్నెండుకు తెచ్చుకుని, కిరాయి 4,200 చేస్తే ట్రిప్పుకు 2,200 చేతికొస్తుంది. 18 ట్రిప్పులకు 39,600. ఇన్సూరెన్స్, టైర్ల ఆరు వేలు, కిస్తీ 17,800 పోగా 15,800. ఆరు రిటర్న్‌లు దొరికితే 23 వేలు. ఈ లెక్కలో డీజిల్ ఇంకో అయిదు పెరిగినా నీకు పోయేది నెలకు దాదాపు 1,450, అదీ షరతు పెట్టుకోకపోతే. అన్నీ కలిసి రావు, నాకు తెలుసు. సగం కలిసొచ్చినా ఇవాళ్టి 3,200 కంటే మూడింతలు.

సీజన్ కాని నెలలే నిన్ను తినేసేవి. ఆగస్టు, సెప్టెంబర్ బత్తాయి, తర్వాత పత్తి, అక్టోబర్, నవంబర్ వడ్లు, మళ్లీ ఏప్రిల్ వైపు కత్తెర కాయ (బత్తాయి రెండో కాపు), యాసంగి వడ్లు. మధ్యలో డిసెంబర్ చివర నుంచి ఫిబ్రవరి దాకా, మళ్లీ జూన్, జులైలో చేతులు ముడుచుకుని కూర్చునే రోజులు ఎక్కువ. కిస్తీ మాత్రం కూర్చోదు. అందుకే సీజన్‌లో ప్రతి ట్రిప్పు నుంచి 300 వేరే ఖాతాలో వేసెయ్, ఏటీఎం కార్డు మీ ఇంటామె దగ్గర పెట్టు. పోస్టాఫీసు అయితే ఇంకా మేలు, తీయబుద్ధి కాదు.

మళ్లీ సీజన్ దాకా ఈ పద్ధతిలో నడిపి నోటుబుక్కులో రాయి. సీజన్ నెలల్లో కూడా కిస్తీ పోగా పన్నెండు వేలు దాటకపోతే, అప్పుడు నేనే అమ్మమంటాను. మీ దగ్గర జీతానికి స్టీరింగ్ పడితే పదిహేను, పదహారు వేలు వచ్చేటట్టుంటే కిస్తీ బరువు లేకుండా ఆ బతుకే నయం. సొంత బండి అనే పరువు కోసం నష్టానికి తిరగడం నాకు నచ్చదు. కానీ అమ్మినా ఖాళీ నెలల్లో బ్రోకర్ చెప్పిన రేటుకు అమ్మకు. బత్తాయి కోతలకు నెల ముందు అందరికీ బండి కావాలి, ఆ టైంలో ముగ్గురికి చూపించు. నీ బండికి నాలుగేళ్లు నిండితే ఫిట్‌నెస్ చేయించాల్సి ఉంటుంది. ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి అది తప్పదు. చేయించిన కాగితం చేతిలో ఉంటే బేరంలో నీ మాట నిలుస్తుంది.

రేపు ట్రిప్పు ఉంటే ఒక పని చెయ్. పంతంగి దాటాక ఎక్కడైనా చాయ్‌కి ఆగి, దిగగానే వెనక రెండు చక్రాల దగ్గరికి పో. చెయ్యి ఆనించకు, జానెడు దూరంలో పెట్టి చూడు. ఏ వైపు సెగ ఎక్కువగా ఉందో నాకు రాయి.